గొడవ లేని ఇల్లు

ఆపరేషనయ్యి ఇంటికొచ్చాక బ్రేకు మేడమ్‌కు ఎడమ రొమ్ము లేకపోవడం కన్నా ఇంట్లో గొడవ లేకపోవడమే పెద్ద వెలితిగా అనిపించింది. రొమ్ము సంగతి ముందే తెలుసు. తీసేయాలని డాక్టరమ్మ చెప్పింది, ఈవిడ సరేనని సంతకం పెట్టింది, వాళ్లు తీసేశారు. గొడవ కూడా తీసేస్తామని మాత్రం ఎవరూ చెప్పలేదు. దానికెవరూ సంతకం అడగలేదు.

బ్రేకు మేడమ్ అనేది ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నవాళ్లు పెట్టిన పేరు. ఆవిడకో డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే భవనాలూ మైదానాలూ ఊహించుకోనక్కర్లేదు. ఒక గది, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, బయట నెత్తిన బోర్డు పెట్టుకున్న ఓ చిన్న కారు, అంతే. ఆ కారులో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాడు ఎక్కడ గుద్దబోతున్నాడో వాడికన్నా ముందే ఆవిడ కాలికి తెలిసిపోతుంది. ఇంట్లో మొగుణ్ణి 'మీరు' అనే ఆవిడే, స్టీరింగు ముందు ఎవరు కూర్చున్నా 'నువ్వు' అంటుంది. బ్యాంకు మేనేజరైనా అంతే, కట్టుకున్నవాడైనా అంతే. అక్కడ కూర్చున్నవాడికి మనం మర్యాద ఇచ్చినా ఎదురొచ్చే లారీ ఇవ్వదని ఆవిడ సిద్ధాంతం.

ఆ గది పక్కనే ఆవిడ భర్తకు కార్ల సీట్లకు కవర్లు కుట్టే షాపుంది. పాతికేళ్ల కాపురంలో ఆ ఇద్దరూ గొడవపడని రోజు లేదు. గొడవంటే గిన్నెలు విసురుకుని వీధిన పడటం కాదు. పొద్దున్నే పళ్లు తోముకున్నట్టు, వేళకు అన్నం తిన్నట్టు, రోజూ ఒకటి ఉండాలంతే. కిటికీ తియ్యాలా వెయ్యాలా అని మొదలై ఆయన మేనత్త దాకా వెళ్లి, మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చి ఆగేది. కూతురు పెళ్లయి వెళ్లేటప్పుడు అందరి పిల్లల్లాగే ఏడ్చింది గానీ, "మీ గొడవ వినపడకపోతే నాకక్కడ నిద్రెలా పడుతుందమ్మా" అని ఏడ్చింది.

అలాంటి ఇల్లు ఇప్పుడు ఆస్పత్రి కన్నా నిశ్శబ్దంగా ఉంది.

మంచం మీద మూడు దిళ్లు వేసి ఆవిడను చేరగిల కూర్చోబెట్టారు. చెయ్యి పైకి లేవదు కాబట్టి ముందు గుండీలున్న మొగుడి చొక్కాలే ఒంటి మీదికి. పూర్వం ఆయన చొక్కా ఆవిడ ముట్టుకుంటే ఓ పూట గొడవ ఖాయం. ఇప్పుడు బీరువాలో ఉన్నవాటిలో మంచిది, ఇస్త్రీ చేసిందీ, ఆయనే తెచ్చి ఇస్తున్నాడు. చంక కింద నుంచి సన్నని గొట్టం ఒకటి, దాని చివర గాయంలోని నీరు దిగడానికి ఓ రబ్బరు బుడ్డి. ఆ బుడ్డికి ఆవిడ 'ఇల్లరికపుటల్లుడు' అని పేరు పెట్టింది. పనీ పాటా లేకుండా పక్కనే వేలాడుతుంది, పూటపూటకూ నిండుతుంది, ఎప్పుడు పోతుందో చెప్పదు.

"అవేం మాటలే అమ్మాయ్, జబ్బుతో పరాచికాలా" అని వదిన చెవులు మూసుకునేది. వదినంటే ఆయన అక్క. ఆపరేషన్ నాడు వచ్చింది, సాయంగా ఉండిపోయింది. మనసు వెన్న. బుడ్డి ఖాళీ చెయ్యడం, కట్టు మార్చడం అన్నీ ఆవిడే చూసేది. కట్టు విప్పేవేళకు ఆయన మాత్రం సరిగ్గా ఏదో గుర్తొచ్చినట్టు బయటికి వెళ్లిపోయేవాడు.

చూడటానికి వచ్చేవాళ్ల తీరు ఇంకో రకం. వాళ్ల కళ్లు ఆవిడ మెడ కింద వాలితే పాపం తగులుతుందన్నట్టు నుదురు చూసి మాట్లాడేవాళ్లు, చేతి గాజు చూసి మాట్లాడేవాళ్లు. పక్కింటి లెక్కల మాస్టారైతే వచ్చినప్పటి నుంచి తల పైకెత్తి, "ఫ్యాను గాలి బాగా వస్తోందమ్మా" అంటూ కూర్చున్నాడు. ఆవిడ కాసేపు ఓపిక పట్టింది. ఓపిక ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు.

"మాస్టారూ, రెండులోంచి ఒకటి తీసేస్తే ఎంతండీ?"

మాస్టారు సగం టీ వదిలేసి చెప్పుల్లో కాళ్లు తారుమారుగా పెట్టుకుని పోయాడు. వదిన వంటింట్లోకి తప్పుకుంది. ఆవిడ మొగుడి వైపు ఆశగా చూసింది. ఇప్పుడు మొదలవ్వాలి. పెద్దాయన ముందు ఆ మాటేంటని ఆయన లేవాలి, ఫ్యానుకు జబ్బు చేసిందా నాకు చేసిందా అని తను అందుకోవాలి. ఆయన దుప్పటి సర్దాడు.

"పోన్లే అమ్మా, కాసేపు నవ్వుకున్నావు కదా" అన్నాడు.

అమ్మా. పాతికేళ్లలో 'ఏయ్' తప్ప ఇంకో పిలుపెరగని మనిషి అమ్మా అన్నాడు. ఆవిడకు ఒళ్లు జలదరించింది.

అప్పటి నుంచి ఆవిడ కావాలనే కయ్యానికి కాలు దువ్వడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు లేదంది. నిజంగానే లేదు, ఆయన తిని చూసి, "అవునమ్మా, నాకు వంట రాదు" అన్నాడు. మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో టీవీ రిమోట్ అడిగింది. ఇచ్చేశాడు, ఇచ్చి పక్కన కూర్చుని ఆవిడతో పాటు పరుపుల ప్రకటన చూశాడు. పోయినేడు స్కూలు వ్యానుకు కుట్టిన కవర్లు గోనెసంచుల్లా ఉన్నాయంది. ఆయన కుట్టుపనిని ఆడిపోసుకుంటే చుట్టాలైనా సరే గుమ్మం దాటాల్సిందే. అలాంటిది, "నిజమే, ఆ బట్టే మంచిది కాదు" అని ఒప్పేసుకున్నాడు.

చివరికి ఆవిడ పెట్టె అడుగున దాచిన ఆయుధం తీసింది.

"మీ నాన్న ఉత్త పిసినారి. పిల్లికి బిచ్చం పెట్టేవాడు కాదు."

ఈ ఒక్క మాట మీద వాళ్లు ఒకప్పుడు వారం రోజులు మాట్లాడుకోలేదు. పోయిన తండ్రిని పల్లెత్తు మాటంటే ఆయన ఊరుకోడు. వంటింట్లో వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన మింగుడు పడనిదేదో మింగాడు.

"కొంచెం పిసినారే లే" అన్నాడు.

ఆవిడ మెల్లగా లేచి, అల్లుణ్ణి చేత్తో పట్టుకుని, బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంది. పంపు తిప్పి ఏడ్చింది. ఆపరేషన్ ముందు ఏడవలేదు, తర్వాత ఏడవలేదు, అద్దంలో మొదటిసారి చూసుకున్నప్పుడు కూడా 'ఓహో, ఇలా ఉందా' అనుకుందే గానీ ఏడవలేదు. ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. సొంత తండ్రిని మాటన్నా పడి ఊరుకున్నాడంటే దానికి ఒకటే అర్థం. పోయేవాళ్లతో ఎవరూ గొడవ పెట్టుకోరు. డాక్టరమ్మ తనకో మాట చెప్పి, ఆయనకు వేరే మాట చెప్పింది. తను పోతోంది, అందరికీ తెలుసు, తనకు తప్ప. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే తనను ఇంతకాలం ఉప్పు లేని కూరలు పెట్టి మోసం చేస్తున్నారు.

వదినను నిలదీసింది.

"వదినా, నిజం చెప్పండి. నాకు తెలియకుండా ఏం దాస్తున్నారు?"

"దాచడానికేముందే. నువ్వు దేనికీ మనసు కష్టపెట్టుకోకూడదు, అంతే."

"ఎవరన్నారు?"

"ఎవరంటే ఏముంది, అందరూ అనేదే" అని వదిన చూపులు తప్పించి, ఆరిన బట్టలనే మళ్లీ ఆరెయ్యడానికి వెళ్లింది. తేలు కుట్టిన దొంగలా ఉంది వ్యవహారం. బ్రేకు మేడమ్‌కు అనుమానం కాస్తా ఖాయమైపోయింది.

గొట్టం తీయించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. వాళ్లకున్నది స్కూలు కారొక్కటే. ఆవిడను ఎడమ సీట్లో కూర్చోబెట్టి ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎడమ సీటు బెల్టు సరిగ్గా గాయం మీదుగానే దిగుతుంది. ఆవిడ దాన్ని పట్టుకుని ఆలోచిస్తుంటే, ఆయన వెనక సీట్లోంచి ఓ చిన్న మెత్త తీశాడు. ఎర్ర రెక్సిన్, లోపల మెత్తటి స్పాంజి, బెల్టుకు తొడిగేలా వెనక పట్టీ, అంచు చుట్టూ సోకుకి పైపింగ్. షాపులో కూర్చుని ఎప్పుడు కుట్టాడో తెలియదు. ఆవిడ ఆ అంచును వేలితో తడిమింది.

"దీనికి పైపింగెందుకు? ఎవరైనా వచ్చి కొనుక్కుంటారా?"

"అనవసరంగా వేశానమ్మా" అన్నాడాయన.

ఆవిడకు ఆ మెత్తతోనే ఆయన నెత్తిన ఒకటి వెయ్యాలనిపించింది.

కారు కదిలింది. కదిలిందని అనడం ఆ కారు మీద గౌరవంతో. మందుల షాపు ముందు నడుస్తున్న ముసలాయన వాళ్లను దాటి ముందుకెళ్లాడు. పాల డబ్బాలు కట్టుకున్న సైకిలు దాటింది. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, గుడ్ల గంపను నడిపిస్తున్నట్టు నడుపుతున్నాడు. అంతలో ప్లాస్టిక్ కుర్చీలమ్మే బండొకటి సందులోంచి ముక్కు బయటపెట్టింది. ఆవిడ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఏళ్ల తరబడి అలవాటు, అది ఆపరేషన్‌లో పోయేది కాదు. ఇంజన్ గుటుక్కుమని ఆగింది.

"అయ్యో, సారీ అమ్మా. నాదే తప్పు, క్లచ్ సరిగ్గా తొక్కలేదు."

ఆవిడ తన కాలి వంక చూసుకుంది. ఆయన వంక చూసింది. ఆయనకు నిజంగానే తెలియలేదు. ఆవిడ బుర్రలో ఒక వెలుగు వెలిగింది. మంచి ఆలోచనేం కాదు. మంచి ఆలోచనలతో విసిగిపోయి ఉందావిడ.

పోస్టాఫీసు మలుపులో మళ్లీ నొక్కింది. కారు ఆగింది. "ఛ, నాదే తప్పు" అన్నాడు. పెట్రోలు బంకు దాటాక మళ్లీ నొక్కింది. "ఏమైందివాళ నాకు" అని నుదురు తుడుచుకున్నాడు. ఈ మనిషి ఇంకెంత మంచివాడవుతాడోనని ఆవిడకు భయం పట్టుకుంది. తాడో పేడో తేల్చుకోవాలనుకుంది.

పెద్ద జంక్షన్‌లో పచ్చలైటు పడింది. కారు సరిగ్గా నడిమధ్యకు వచ్చాక ఆవిడ గట్టిగా తొక్కి, కాలు తియ్యకుండా ఉంచింది. ఆయన స్టార్ట్ చేస్తే ఆగింది. మళ్లీ చేస్తే మళ్లీ ఆగింది. వెనక బస్సు హారన్ మోగించింది, దాని వెనక లారీ అందుకుంది, ఆటోవాళ్లు తలో రాగం తీశారు. ఆయన గేరు చూశాడు, మీటరు చూశాడు, కిందికి వంగి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు.

"అది నీ కాలా?"

"కాక? మీ అక్క కాలా?"

"ఇందాకట్నుంచీ నువ్వేనా?"

"నేనే."

ఆయన తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. నిటారుగా కూర్చున్నాడు. మెడ మీద నరం ఒకటి ఉబ్బింది. ఆ నరం ఆవిడకు బాగా పరిచయం. దాన్ని చూసి ఎన్నాళ్లయిందో.

"నీకసలు బుద్ధుందా? ఒంటికి గొట్టం తగిలించుకుని కూర్చుని జంక్షన్ మధ్యలో బ్రేకేస్తావా? ఆ బస్సు గుద్దితే ఏమయ్యేది? నీ పక్కన కూర్చుని పాతికేళ్లుగా నేను బండి నడిపింది ఎప్పుడు? గేరు మారిస్తే తప్పు, మార్చకపోతే తప్పు. ఇండికేటర్ వేస్తే ముందే వేశానంటావు, తర్వాత వేస్తే తర్వాత వేశానంటావు. ఆ వ్యాను కవర్లు గోనెసంచులా? వెళ్లి చూడు, ఇప్పటికీ ఒక్క కుట్టు ఊడలేదు. ఇంకో మాట. మా నాన్న పిసినారి కాదు. పొదుపరి. తెలిసిందా? పొదుపరి."

బ్రేకు మేడమ్‌కు ప్రాణం లేచొచ్చింది. వాన కోసం చూసిన పొలం మీద వాన పడ్డట్టయింది. కానీ ఇక్కడితో వదిలేస్తే ఆవిడ బ్రేకు మేడమ్ ఎందుకవుతుంది.

"ఇదంతా కడుపులో పెట్టుకుని ఇన్నాళ్లూ అమ్మా అమ్మా అని ఎందుకు తిరిగావు? నేను పోతున్నానా? డాక్టరమ్మ నీతో ఏం చెప్పింది? సూటిగా చెప్పు, నేను తట్టుకుంటా."

"పోవడమేంటి?" ఆయన నోరు తెరిచాడు. "నీతో చెప్పిందే నాతోనూ చెప్పింది. మొత్తం తీసేశాం, మాత్రలు వేసుకోవాలి, చూపించుకుంటూ ఉండాలి అంది. వేరే ఏం చెప్పలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆవిడ చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడలేదు. అన్నాళ్లుగా ఛాతీ మీద కూర్చున్న బండ దిగినట్టయి, ఆవిడ బెల్టు కింది మెత్తను రెండు చేతులతో పట్టుకుంది.

"మరి ఎందుకీ వేషాలు?"

ఆయన స్టీరింగు కవరు మీద కుట్టును గోటితో గీరుతూ కూర్చున్నాడు. బయట బస్సు డ్రైవరు తల బయటపెట్టి ఏదో అంటున్నాడు. ఆయనకు వినపడలేదు.

"లోపల నీకు ఆపరేషన్ చేస్తుంటే, నేనూ అక్కా బయట బెంచీ మీద కూర్చున్నాం. రోజూ గొడవలున్న ఇంట్లో ఆడదాని మనసులో బాధంతా గడ్డకట్టి చివరికిలా వస్తుందట. అక్క అంది. నన్ను అనాలని కాదు, ఊరికే అంది. నేనక్కడే కూర్చుని మన గొడవలన్నీ గుర్తు చేసుకున్నా. కిటికీ గొడవ, ఫ్రిజ్ గొడవ, మా మేనత్త గొడవ. వాళ్లు కాదు కోస్తోంది, నేను కోయిస్తున్నాననిపించింది." ఆయన ముక్కు చీదాడు. "నీకు ఇంకొకటుంది కదా. అది కూడా నా నోటివల్ల పోతే ఎలాగని, ఇక నోరు మూసుకున్నా."

ఆవిడకు ముందు జాలేసింది. ఇస్త్రీ చొక్కాలు తెచ్చి ఇవ్వడం, తండ్రిని పిసినారి అనిపించుకుని మింగడం, ఒంటరిగా మోసిన ఆ బరువంతా కళ్ల ముందు తిరిగింది. ఆయన చెయ్యి పట్టుకుందామనుకుంది. కానీ జాలి వెనకే కోపం వచ్చింది, కోపం ఆవిడకు ఎప్పుడూ కొంచెం ఎక్కువ వేగంతో వస్తుంది.

"నీ గొడవకు నాకు గడ్డొచ్చేదైతే, నా గొడవకు నీకు ఒళ్లంతా గడ్డలే ఉండాలి. పాతికేళ్లలో ఒక్కటంటే ఒక్క గొడవ గెలిచావా నువ్వు? వస్తే ఓడినవాడికి రావాలి, గెలిచినదానికెందుకొస్తుంది?"

ఆయన కళ్లు తుడుచుకుంటూ ఆలోచించాడు.

"ఫ్రిజ్ గొడవ నేనే గెలిచా."

"అది నేను వదిలేశా."

"వదలలేదు. గెలిచా."

"సరే, అసలీ జబ్బు ఎందుకొచ్చిందని నేను డాక్టరమ్మను అడిగితే, ఫలానా దానివల్లని చెప్పలేం అంది. గొడవల మాట కూడా అడిగా, కాదని నవ్వింది. అంత చదువుకున్నావిడకు తెలియనిది బెంచీ మీద కూర్చున్న మీ అక్కకు తెలిసిందా? ఇంటికెళ్లాక చెప్తా మీ అక్క సంగతి."

"మా అక్కనేమన్నా అంటే ఊరుకోను."

"ఊరుకోకు" అంది ఆవిడ. "ఈసారి ఊరుకున్నావంటే చూడు."

కిటికీ అద్దం మీద ఎవరో కొట్టారు. ట్రాఫిక్ పోలీసు. లైసెన్సు కోసం ఒకప్పుడు ఆవిడ దగ్గరే నేర్చుకున్నవాడు, బోర్డు చూడగానే గుర్తుపట్టాడు. ఎడమ సీట్లో మేడమ్, స్టీరింగు ముందు కళ్లు ఎర్రబడ్డ పెద్దమనిషి. పాతికేళ్లుగా నడుపుతున్న మొగుడని అతనికెలా తెలుస్తుంది.

"ఏంటి మేడమ్, కొత్తవాళ్లను ఈ టైములో జంక్షన్‌లోకి తెస్తారా? పైగా అలా తిడితే ఎలా, పాపం ఏడుస్తున్నారు." అతను ఆయన భుజం తట్టాడు. "ఏం పర్లేదు సార్, మొదట్లో మాక్కూడా ఇంతే అయింది. మెల్లగా క్లచ్ వదలండి."

ఆయన మెల్లగా క్లచ్ వదిలాడు. ఆవిడ కాళ్లు రెండూ వెనక్కి లాక్కుని పెట్టుకుంది. ఆస్పత్రి దాకా ఇద్దరూ ఫ్రిజ్ విషయం మాట్లాడుకుంటూనే వెళ్లారు. ఒక లారీని కూడా దాటారు.

గది బయట కుర్చీ చూడగానే ఆయన అలవాటుగా కూర్చోబోయాడు.

"లోపలికి రా" అంది ఆవిడ. కారు దిగినా 'నువ్వు' మాత్రం దిగలేదు.

నర్సు కట్టు విప్పి, గట్టిగా ఊపిరి పీల్చి వదలమని, వదులుతుండగా గొట్టం లాగేసింది. అనుకున్నదాని కన్నా చాలా పొడవుంది. 'ఎంత లోపల తిష్ట వేశాడు వెధవ' అనుకుంది ఆవిడ. ఆయన గోడవైపు తిరిగి, చేతులు కడుక్కునే విధానం గురించి వేసిన బొమ్మలు చదువుతున్నాడు.

"ఇటు తిరుగు. ఫ్యాను చూసేవాళ్లు చాలామంది ఉన్నారు నాకు."

ఆయన తిరిగాడు. చూశాడు. కుట్టుపని చేసే మనిషి, ఏదైనా చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తాడు. అలాగే చూశాడు. ఆవిడ జీవితంలో ఏ పరీక్షకూ భయపడలేదు గానీ, ఆ కాసేపు ఊపిరి బిగబట్టింది. డాక్టరమ్మ చాలా బాగా మానుతోందంది. నర్సు నీట్‌గా ఉందంది. వదిన అసలేం తెలియట్లేదంది. అందరూ బాగుందనే అన్నారు.

"బాగాలేదు" అన్నాడాయన. "అస్సలు బాగాలేదు."

నర్సు గుర్రుగా చూసింది. ఆవిడ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఇన్నాళ్లకు ఒక మనిషి చూసి, చూసింది చెప్పాడు.

"నీ మొహంలా ఉందా?"

"నా మొహం నయం."

ఆయన ఒకడుగు ముందుకు వేసి చెయ్యి చాపాడు. "చేతులు కడుక్కోండి" అంది నర్సు. ఆయన వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చాడు. చేతులు తడిగా ఉన్నాయని ఆవిడ విసుక్కుంటే తుడుచుకుని వచ్చాడు. గొట్టం తీసిన చోటుకు దూరంగా, గాయం పైన చదునుగా ఉన్న చోట, సూదులు గుచ్చుకుని గరుకెక్కిన అరచెయ్యి మెల్లగా ఆనించాడు.

"తెలుస్తోందా?"

"లేదు. అక్కడంతా మొద్దుబారిపోయింది."

ఆయన చెయ్యి తీయబోయాడు.

"తియ్యమని ఎవరన్నారు?" అంది ఆవిడ.